రెండు పొట్టి ఈలలు

నవ్వాలనుకున్నవాళ్ళు ఇప్పుడే నవ్వేసుకోండి. మధ్యలో నవ్వారంటే మాత్రం నేను ఊరుకోను. బైబిలు మీద చెయ్యి వేసి చెప్పమన్నా ఇదే చెబుతాను. ఒక్క ముక్క కూడా కలపలేదు. ఆ సాయంత్రం నేను విన్నాను. నాతో ఉన్న మా మరిదీ విన్నాడు... కాకపోతే వాడు ఇప్పుడు ఒప్పుకోడు.

మాది చల్లపల్లి. ఆయనా నేనూ ఇద్దరం టీచర్లమే. ఆయనకి పిట్టల పిచ్చి. పెళ్ళయిన కొత్తలో అందరూ భార్యల్ని సినిమాకి తీసుకెళితే, ఈ మహానుభావుడు నన్ను కాలవగట్టుకి తీసుకెళ్ళి బురదలో నిలబెట్టారు. చలికాలం వచ్చిందంటే మరీను. ఎక్కడెక్కడి మంచుదేశాల నుంచో పిట్టలు దిగుతాయి కదా. "మనం ఫారిన్ వెళ్ళక్కర్లేదు సుగుణా, ఫారినే టిక్కెట్టు లేకుండా మన దగ్గరికొస్తోంది" అనేవారు. తిట్టుకుంటూ వెళ్ళేదాన్ని. పోనుపోను ఆ పిచ్చి నాకూ పట్టింది.

గట్టు మీద మాట్లాడితే పిట్టలు లేచిపోతాయి. అందుకని మాకో పద్ధతి ఉండేది. ఆయన ముందుకెళ్ళి కాలవ పక్క జమ్ములో దాక్కునేవారు. నేను వెనకాల, టిఫిన్ బాక్సు పట్టుకుని. ఆయన పొడుగ్గా ఒక ఈల వేస్తే 'రా' అని. పొట్టిగా రెండు వేస్తే 'ఉండు, కదలకు' అని. నాకు ఈల రాదు. బాక్సు మూత మీద చేతి గాజుతో టక్‌మని ఒక్కటి కొడితే 'ఇంటికి పోదామా' అని. దానికి ఆయన జవాబు ఎప్పుడూ ఒకటే... రెండు పొట్టి ఈలలు. ఇక చీకటి పడేదాకా ఉండడమే. దోమలు నన్ను పీక్కుతినేవి.

సముద్రం ఊళ్ళ మీద పడ్డ ఆ ఉప్పెనకి ముందు రోజు పొద్దున్నే ఆయన సముద్రం వైపు బస్సెక్కారు. ఏరు సముద్రంలో కలిసే చోట కొత్త పిట్టలు దిగాయని ఎవరో చెప్పారట. రాత్రికి అక్కడే స్నేహితుడింట్లో ఉండి వస్తానన్నారు. నాకు జ్వరం, లేకపోతే నేనూ వెళ్ళేదాన్నే. హడావిడిలో టిఫిన్ బాక్సు మరిచిపోయారు. పట్టుకుని బస్టాండుకి పరిగెత్తాను. బస్సు వెళ్ళిపోయింది.

అంతే... మనిషి మళ్ళీ కనబడలేదు. మా మరిది శామ్యూలు ముక్కుకి గుడ్డ కట్టుకుని, శవాల మధ్య ఎన్ని ఊళ్ళు తిరిగాడో. ఆయన కళ్ళజోడు కూడా దొరకలేదు.

క్రిస్మస్ దగ్గర పడింది. అత్తయ్య పాస్టరుగారితో మాట్లాడి, ఆదివారం జ్ఞాపకార్థ కూడిక పెట్టించారు. "ఎన్నాళ్ళని చూస్తావే తల్లీ? వాడు ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయాడు. ప్రార్థన చేయించుకుందాం" అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"శవాన్ని చూడకుండానే పోయారని ఎలా అంటున్నారు అత్తయ్యా? కన్నతల్లేనా మీరు?" అని అరిచేశాను. ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి వెళ్ళిపోయారు.

నేను ఆ బాక్సు తీసుకుని గట్టుకేసి నడిచాను. ఎందుకో అడక్కండి, నాకే తెలీదు. "వదినా, చీకటి పడుతోంది, ఆగు" అంటూ శామ్యూలు టార్చిలైటుతో వెంటపడ్డాడు.

చేలన్నీ నేలకొరిగి ఉన్నాయి. కుళ్ళిన వరి వాసన. గాలివాన తర్వాత ఆ కాలవ మీద ఒక్క పిట్ట లేదు. కొంగ లేదు. కప్పలు కూడా అరవడం లేదు. రోజూ నిలబడే చోటే నిలబడ్డాను. ఊరికే... అలవాటు కొద్దీ... మూత మీద గాజు తగిలించాను.

టక్.

ఏమీ లేదు. నీళ్ళు కదిలిన చప్పుడు. శామ్యూలు ముక్కు ఎగబీల్చాడు. అప్పుడు... జమ్ములోంచి...

రెండు పొట్టి ఈలలు.

రెండోది చివర కొంచెం జారింది. ఆయన ముందు పన్ను ఒకటి సగం విరిగి ఉండేది. గాలి ఆ సందులోంచి జారేది. అదే జారుడు.

శామ్యూలు టార్చి జమ్ము మీదికి తిప్పాడు. "వదినా... అన్నయ్య..." అన్నాడు. ఆ మాట వాడే అన్నాడు, నేను కాదు.

మళ్ళీ కొట్టాను. టక్. మళ్ళీ రెండు... ఈసారి దగ్గరగా.

"అన్నయ్యా!" అని కేకపెట్టి వాడు జమ్ములోకి దూకాడు. నేను మాత్రం కదల్లేదు. కదలకు అన్నారుగా. ఒక్క పొడుగు ఈల కోసం ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. రా అనండీ... ఒక్కసారి రా అనండి... నీళ్ళల్లోకైనా వచ్చేస్తాను... అని లోలోపలే బతిమాలుకున్నాను. ఆ ఈల రాలేదు.

శామ్యూలు మొలదాకా తడిసి వచ్చాడు. "ఎవరూ లేరొదినా. ఏట్రింత అయ్యుంటుంది. ఆ నల్లపిట్ట ఏది వింటే అది నేర్చుకుంటుందని అన్నయ్యే చెప్పేవాడుగా. రోజూ వినీ వినీ పట్టేసుంటుంది" అన్నాడు. చెబుతూనే ఏడ్చాడు.

కావచ్చు. ఏట్రింత ఈల వేస్తుంది, నేనూ విన్నాను. కానీ మనిషి మీదికి దూకితే పిట్ట ఎగరదా? ఒక్క రెక్క చప్పుడైనా లేదే! పోనీ, పిట్టే అనుకుందాం. అంత గాలివానలో గుప్పెడంత పిట్ట బతికి, ఆయన పోవడమేమిటండీ? ఇదెక్కడి న్యాయం?

ఇంటికొచ్చి అత్తయ్యకి చెప్పాను. తిడతారనుకున్నాను. ఆవిడ నా చేతిలోని బాక్సు తీసుకుని, మూతని వేళ్ళతో నిమురుతూ, "ఏమన్నాడే?" అని అడిగారు.

"ఉండమన్నారు అత్తయ్యా."

అప్పుడు ఇద్దరం ఒకరినొకరు పట్టుకుని ఏడ్చాం. ఆదివారం కూడిక జరగలేదు.

మా నాన్నగారు ఎవరెవరినో పట్టుకుని నన్ను కంకిపాడు బదిలీ చేయించారు. వెళ్ళనన్నాను. ఊళ్ళో పిచ్చిదన్నారు, అననీండి. ఆ తర్వాత మూత ఎన్నిసార్లు కొట్టానో... మళ్ళీ జవాబు లేదు. అది పిట్టో, ఆయనో, నా బుర్రే తిరిగిందో ఈ రోజుకీ తెలీదు. సాయంత్రమయ్యేసరికి బాక్సు పట్టుకుని గట్టు మీదికి వెళతాను. ఒక్కటి కొడతాను. వింటాను.

ఉండమన్నారు కదా... ఉన్నాను.