లక్కరంగులో పదకొండు పేర్లు

పిల్లల్ని ఎవరైనా మొద్దులు అన్నారంటే లాల్ అహ్మద్ మాస్టరుకి అరికాలి మంట నెత్తికెక్కేది. మామూలుగా ఆయనంత నెమ్మదస్తుడు గద్వాల మగ్గాల వీధిలో ఇంకొకడు లేడు. వెలిసిన షేర్వాణీ తొడుక్కుని, గొడుగు చంకన పెట్టుకుని, ఎదురైన ప్రతి ముసలమ్మనూ పలకరించుకుంటూ బడికి పోయేవాడు. ఆ ఒక్క మాట చెవిన పడితే మాత్రం ఎదుట ఉన్నది దొరా, చప్రాసీయా అని చూసేవాడు కాదు. ఇరవై ఆరేళ్లు చాకిరీ చేసినా సర్కారు లెక్కలో ఆయన పక్కా కాని కచ్చా మాస్టరుగానే మిగిలిపోయాడు.

ఆయన పుట్టింది ధరూర్‌లో. తండ్రి ఖాజా మియా నూలుకూ పట్టుకూ రంగులు వేసేవాడు. గద్వాల నేతగాళ్లకు ఎరుపంటే ఖాజా మియా ఎరుపే. లక్కరంగులో పటిక వేసి కాచేవాడు. చీర చినగాలే తప్ప రంగు వెలవకూడదని ఆయన పంతం. రంగు వేసిన పట్టు మూట నెత్తిన పెట్టుకుని నేతగాళ్ల ఇళ్లకు పోతుంటే, ఆరేళ్ల లాలు వెనకాలే పరుగెత్తేవాడు.

అప్పుడే ఒకరోజు కిష్టమ్మ చేతిలో మొట్టికాయ తిన్నాడు. కిష్టమ్మ ఒక నేత ఇంటికి కొత్తగా వచ్చిన కోడలు. చీర అంచుకు కావలసిన పట్టు పోగులు లెక్కపెడుతోంది. వాడు దాహం వేసి పోయి, "అక్కా, దూపయితుంది" అన్నాడు. అంతే, టప్పుమని పడింది. లెక్క తప్పింది. ఆమె మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టి, అంతా అయ్యాక పోగులకు ముడి వేసి, "ఇగ మాట్లాడుండ్రి" అంది. అప్పుడు చల్ల చేతికిచ్చి, తల నిమిరి చెప్పింది.

"లెక్క మీదున్నప్పుడు నోరు తెరవద్దు బిడ్డా. ఒక్క పోగు తప్పితె అంచు మొత్తం చెడిపోతది. ముడేసి, ఇగ మాట్లాడుండ్రి అనేదాంక ఇంటికి అల్లుడొచ్చినా మేం పలకరియ్యం."

ఆ వీధి పిల్లలు ఉగ్గుపాలతో నేర్చుకునే పాఠం అది. పెద్దవాళ్లు లెక్కపెడుతుంటే పసిపిల్ల కూడా ఏడుపు మింగుతుంది. లాలుకు అది మొట్టికాయతో వచ్చింది కాబట్టి చచ్చేదాకా మరిచిపోలేదు.

పెద్దయ్యాక ఆ వీధి బడికే మాస్టరయ్యాడు. బడి చదువంతా ఉర్దూలో. పిల్లల ఇళ్లలో తెలుగు, ఒకటి రెండు ఇళ్లలో కన్నడం. తొలిరోజు బడికొచ్చిన పిల్లవాడికి మాస్టరు మాట ఒక్కటి అర్థమైతే ఒట్టు! లాల్ అహ్మద్ వాళ్లను చుట్టూ కూర్చోబెట్టుకుని తెలుగులో నవ్వించి, వాళ్ల అవ్వల ముచ్చట్లు వాళ్లచేతే చెప్పించి, మెల్లమెల్లగా ఉర్దూలోకి తెచ్చేవాడు. ఎవరూ ఆయనకు నేర్పలేదు. అలా కాక ఇంకెలా చెబుతారో ఆయనకు తోచనే లేదు.

నలభై దగ్గర పడ్డాక ఆయన్ని శిక్షణకు పంపారు. ఆరు నెలలు. నల్లబల్లను పైనుంచి కిందికి తుడవాలని నేర్పారు. సుద్దముక్కను ఏ వేళ్ల మధ్య పట్టుకోవాలో, బెత్తం ఏ చేతిలో ఉండాలో నేర్పారు. ఇంట్లో వేరే భాష మాట్లాడే పిల్లవాడితో ఏం చేయాలని లాల్ అహ్మద్ లేచి అడిగితే, "పిల్లలు ఎక్కడైనా పిల్లలే, కూర్చో" అన్నారు. వెనకాల కూర్చున్నవాళ్లు కిసుక్కున నవ్వారు.

పరీక్షలో ఒక ప్రశ్న వచ్చింది. బడిలో మొదటి రోజు ఉపాధ్యాయుడు చేయవలసిన మొట్టమొదటి పని ఏమిటి? "పిల్లల ఇంటి మాట నేర్చుకోవాలి. రాకపోతే వాళ్ల అమ్మను అడగాలి" అని రాశాడు. సున్నా పెట్టారు. సరైన జవాబు హాజరు పిలవడమట! ఎవరి తలకాయలోంచి ఊడిపడిందో ఆ జవాబు! ఆ సున్నాతోనే పక్కా మాస్టరని ఇచ్చే సనదు పోయింది. లాల్ అహ్మద్ ఒట్టి చేతులతో గద్వాలకు తిరిగి వచ్చాడు.

పందొమ్మిది వందల నలభై రెండులో, చలికాలం మొదట్లో, ఆయన మీద పెద్ద మాస్టరుగా ఇస్మాయిల్‌ను వేశారు. ఇరవై రెండేళ్ల పట్నం కుర్రవాడు. తెలుగు ముక్క రాదు. సనదు మాత్రం అద్దం కట్టించి గోడకు తగిలించాడు. కుర్రవాడు చెడ్డవాడేం కాదు. తెల్లవారకముందే లేచి పాఠం రాసుకునేవాడు, సుద్దముక్కను సరైన వేళ్లతోనే పట్టుకునేవాడు. లెక్కలు చెప్పడానికి శిక్షణలో వచ్చిన పద్ధతి అతనికి ఒకటుంది. చింతగింజలు ఒక్కొక్కటే పక్కకు జరుపుతూ పైకి లెక్కపెట్టాలి. నడుమ ఠక్కున ఆగి ఒక పిల్లవాణ్ని చూపించి, "ఆగే?" అని, అంటే ఆ మీద ఎంత అని అడగాలి. పిల్లవాడు తర్వాతి అంకె చెప్పాలి.

తురక వీధి పిల్లలు చెప్పారు. కోమటి పిల్లలు చెప్పారు. నేతగాళ్ల పిల్లలు పదకొండు మంది బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నారు. ఇస్మాయిల్ బతిమాలాడు, గద్దించాడు, చివరికి బెత్తం తీశాడు. రెండు నెలలు చూసి, ఆ పదకొండు మందీ మందబుద్ధులు, వీళ్ల పేర్లు కొట్టివేసి ఈ స్థలం చదువు వచ్చేవాళ్లకు ఇవ్వవలసిందని పై దఫ్తరుకు ఒక జాబితా తయారు చేశాడు.

అందులో మొదటి పేరు జమ్ములమ్మ. కిష్టమ్మ మనవరాలు, తొమ్మిదేళ్ల పిల్ల. మగ్గాల వీధి నుంచి బడి గడప తొక్కిన తొలి ఆడపిల్ల. ఆ పిల్ల తండ్రి వెంకట్రాములును ఒప్పించడానికి లాల్ అహ్మద్ ఏడాదిపాటు ఆ ఇంటి చుట్టూ తిరిగాడు. "పంపిస్త మాస్టరూ. అక్కరకు రాదని మీరే ఎల్లగొడితె మాత్రం మళ్ల బడి పేరెత్తొద్దు. మగ్గం కాడ కూసోపెడత" అని అప్పుడే తెగేసి చెప్పాడతను.

ఒక బేస్తవారం జమ్ములమ్మ పలక పట్టుకోలేక కింద పడేసింది. లాల్ అహ్మద్ అరచెయ్యి విప్పి చూశాడు. ఉబ్బి, ఎర్రగా రెండు చారలు. పోగు ముడివేయాల్సిన చెయ్యి!

"కొత్త సారు ఎందుకు కొట్టిండే?"

"చెప్పలేదని."

"ఎందుకు చెప్పలే? నీకు నూరుదాంక వస్తది గద!"

"లెక్క మీదుండె గద సారూ" అంది ఆ పిల్ల, ఇంత చిన్న విషయం సారుకు తెలియదా అన్నట్టు.

లాల్ అహ్మద్‌కు కిష్టమ్మ మొట్టికాయ గుర్తొచ్చింది. తన క్లాసులో తాను లెక్క పూర్తవగానే "ఇగ మాట్లాడుండ్రి" అనేవాడు. అలవాటుగా అనేవాడు. ఆ మాట ఒకటుందని, అది లేకపోతే ఈ పిల్లలు పెదవి విప్పరని ఇస్మాయిల్‌కు చెప్పాలని ఏనాడూ తట్టలేదు. ముందు తన మీద తనకే అసహ్యం వేసింది. ఆ తర్వాత ఆరు నెలలు బల్ల తుడవడం నేర్పిన మహానుభావులందరి మీదా కోపం కట్టలు తెంచుకుంది.

"ఆ పసిదాన్ని కొట్టడానికి నీకు చెయ్యెట్ల వచ్చింది?" అని ఇస్మాయిల్ మీద ఉర్దూలో విరుచుకుపడ్డాడు.

"మంచికే కదా చాచా! నోరే విప్పరు. పేర్లు కొట్టెయ్యమని జాబితా కూడా రాశాను. మొద్దులు."

"ఆ మాట ఇంకొక్కసారి అన్నావంటే చూడు! రేపు జుమా నమాజు కాగానే నా వెంట రా. ఎక్కడికని అడగకు."

మర్నాడు ఇద్దరూ వెంకట్రాములు ఇంటికి వెళ్లారు. కిష్టమ్మ గోడవారన కూర్చుని పట్టు పోగులు లెక్కపెడుతోంది. జమ్ములమ్మ కొస పట్టుకుని నిలబడి ఉంది. వెంకట్రాములు మగ్గం ఆపి చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు. ఇస్మాయిల్ సలాం చెప్పాడు. ఒక్కరూ తలెత్తలేదు. దగ్గాడు. మంచినీళ్లు అడిగాడు. ఉలుకూ లేదు, పలుకూ లేదు. గడపలో నిలబెట్టి అవమానం చేస్తున్నారని అతని మొహం కందిపోయింది.

"చూశారా చాచా, ఇంటిల్లిపాదీ ఇంతే!" అన్నాడు గట్టిగా.

కిష్టమ్మ చెయ్యి ఆగింది. లెక్క తప్పింది.

"ఓ పిల్ల సాబూ! పొద్దున అంబలి తాగిన అంబటాల్లకెంచి లెక్కపెడుతున్న. అంతా బూడిదల పోస్తివి గదనయ్యా! జర నోరు కట్టేసుకో!" అని కసిరి, పోగులన్నీ విడదీసి మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుంది.

భాష రాకపోయినా తిట్టు అర్థం కానివాడెవడుంటాడు! లాల్ అహ్మద్ అతని చెయ్యి పట్టి లాగి కింద కూర్చోబెట్టి, పెదవుల మీద వేలు పెట్టాడు. చాలాసేపు కూర్చున్నారు. ఇస్మాయిల్‌కు చేసే పనేం లేక ఎదుట ఉన్న పిల్లను చూశాడు. జమ్ములమ్మ పెదవులు చప్పుడు కాకుండా కదులుతున్నాయి. అవ్వ వేలు కదిలినప్పుడల్లా ఆ పెదవులు ఒక్క అంకె ముందుకు జరుగుతున్నాయి. ఎక్కడా తడబడటం లేదు.

కిష్టమ్మ ముడి వేసింది. "ఇగ మాట్లాడుండ్రి" అంది.

అంతే, ఇల్లంతా ఒక్కసారి మేలుకుంది. వెంకట్రాములు లేచి చాప పరిచాడు. చెంబుతో నీళ్లు వచ్చాయి. "ఎట్లున్నవ్ లాలూ? ఈ పిలగాడేనా కొత్త సారు? అన్నం తిన్నడా లేదా?" అని కిష్టమ్మ ప్రశ్న మీద ప్రశ్న. ఇస్మాయిల్ చెంబు పట్టుకుని బిత్తరపోయాడు.

"చెప్పవే" అన్నాడు లాల్ అహ్మద్ జమ్ములమ్మతో. "మొన్న దెబ్బలు తిన్న పొద్దు సారు ఏమడిగిండు?"

"పదిహేడు దాంక చెప్పి, మీద ఎంత అన్నడు. గని సారూ, నడుమ రెండు గింజలు ఒక్కసారే జరిపిండు. సారు లెక్క పదిహేడు. గింజలు పద్దెనిమిది. ఏది చెప్పాలె? ముడేసినంక చెబుదామని ఊకున్న. సారు ముడెయ్యనే లేదు."

లాల్ అహ్మద్ ఆ మాటలన్నీ అతనికి ఉర్దూలో చెప్పాడు. ఇస్మాయిల్ చెంబు కింద పెట్టేశాడు. తప్పు లెక్కపెట్టింది తను. దెబ్బలు తిన్నది ఆ పిల్ల. అతని కళ్లు ఆ ఉబ్బిన చేతి మీద నుంచి కదల్లేదు.

"మాకు ఇది ఎవరూ చెప్పలేదు చాచా" అన్నాడు.

"ఎవరు చెబుతారు? చెప్పేవాళ్లకు తెలిస్తే కదా! ఈ వీధిలో ఒక్క పూట కూర్చున్నవాడు లేడు. ఈ పిల్లలు ఏం మాట్లాడతారో తెలియదు, ఎప్పుడు మాట్లాడరో అంతకన్నా తెలియదు. మనకు సనదులిచ్చి పంపుతారు, మనం వచ్చి చేతులు వాచేలా కొడతాం, మొద్దులని రాస్తాం. సిగ్గులేని చదువు! పో, ఆ జాబితా చింపి పొయ్యిలో పెట్టు."

ఇస్మాయిల్ తల దించుకున్నాడు. జాబితా నిన్నటి తపాలాలో వెళ్లిపోయింది.

అతను పొరపాటైందని రాశాడు. జవాబు లేదు. మళ్లీ రాశాడు. నెల తర్వాత రెండు వాక్యాల కాగితం వచ్చింది. పదకొండు పేర్లూ కొట్టివేయడమైనది. ఈ విషయమై ఇక రాయవద్దు. పిల్లల పేర్లు రాయమంటే చేయి రాదు గానీ, కొట్టివేయడానికి ఎంత తొందరో వాళ్లకు! కాగితంతోపాటు కొత్త హాజరు పట్టీ కూడా వచ్చింది. అందులో ఇరవై మూడు పేర్లే ఉన్నాయి.

ఇస్మాయిల్ బెత్తం విరిచి పారేశాడు. లాల్ అహ్మద్ ధరూర్ వెళ్లి, తండ్రి పోయాక అటక మీద పడి ఉన్న లక్కరంగు బిళ్ల తెచ్చాడు. పటిక వేసి కాచాడు. బడికొచ్చి కొత్త పట్టీ తెరిచి, ఇరవై మూడు పేర్ల మధ్య సందుల్లో, పదకొండు పేర్లు ఎర్రగా, గుండ్రంగా రాశాడు. మొదట జమ్ములమ్మ. పేరు పట్టీలో ఉంది కాబట్టి వెంకట్రాములు పిల్లను మగ్గం దగ్గర కూర్చోబెట్టలేదు.

వేసవికి ముందు తనిఖీకి అధికారి వచ్చాడు. పట్టీ చూసి కుర్చీలోంచి లేచాడు.

"ఎవరి పని ఇది?"

ఇస్మాయిల్ నోరు తెరవబోయాడు. లాల్ అహ్మద్ అతని కాలు తొక్కి ముందుకు వచ్చాడు. "నాది సాబ్."

అధికారి చాకు తీసి గీకాడు. రంగు కాగితంలోకి ఇంకి అవతలి పక్క కూడా తేలింది. ఇంకాస్త గీకితే కాగితం చినిగేలా ఉంది. చినిగితే పైనా కిందా ఉన్న పేర్లు కూడా పోతాయి.

"గీకకండి సాబ్, పోదు. మా నాయన రంగు అది" అన్నాడు లాల్ అహ్మద్. "పిల్లలు ఎదురుగానే ఉన్నారు. మొద్దులో కాదో ఒక్కసారి అడిగి చూడండి. అడగడం మీకు నేర్పి ఉంటే."

అడగలేదాయన. చాకు మడిచి జేబులో వేసుకున్నాడు. మూడో రోజుకు లాల్ అహ్మద్‌కు బిజినేపల్లి బదిలీ కాగితం వచ్చింది.

వెళ్లేరోజు పొద్దున లాల్ అహ్మద్ ట్రంకుపెట్టె బండిలో పెట్టించి, బడి కిటికీ బయట నిలబడ్డాడు. లోపల ఇస్మాయిల్ పట్టీ తెరిచాడు. తెరిచి వెంటనే పిలవలేదు. పిల్లలందరి వైపూ చూసి, నాలుక మడతపడుతుండగా, తన జన్మలో మొదటి తెలుగు మాట అన్నాడు.

"ఇగ మాట్లాడుండ్రి."

తర్వాత పిలిచాడు. "జమ్ములమ్మ."

"హాజర్!"

ఆ కేక వీధి చివరి మగ్గం దాకా వినబడింది. లాల్ అహ్మద్ కళ్లు తుడుచుకుని, పదకొండో పేరు కూడా పలికేదాకా అక్కడే నిలబడి, ఆ తర్వాత బండెక్కాడు.