ఇంటిల్లిపాదికీ ఒకే చందా

ఆమెను అందరూ పళ్ళక్క అంటారు. పళ్ళు చేసిపెట్టడమే ఆమె బతుకుతెరువు. దంతవైద్యులు చిగుళ్ళకు మెత్తని ముద్ద నొక్కి నోటి కొలతలు తీసి పంపితే, ఆ ముద్దల్లో ప్లాస్టర్ పోసి అచ్చు తీసి, మైనంతో చిగుళ్ళు కట్టి, పళ్ళు ఒక్కొక్కటే వరసలో నిలబెట్టి కట్టుడుపళ్ళు తయారుచేసే చిన్న ల్యాబులో ఆమె పని. ఆ ల్యాబు ఓ పాత భవనం అడుగున ఉంది. పగలు కూడా లైటు వేసుకోవాల్సిందే. సాయంత్రం ఎంత తోమి కడుక్కున్నా వేళ్ళ సందుల్లో తెల్లపొడి పోదు. పనిలో ఆమెకు వంక పెట్టినవాళ్ళు లేరు. మాటలో మాత్రం మెతక. ఎవరేమన్నా ముందు సరే అనేసి, ఇంటికెళ్ళాక తీరిగ్గా బాధపడే మనిషి.

భర్త చిన్నవయసులోనే పోయాడు. పిల్లలు లేరు. అన్నయ్య తన ఇంటి మేడమీది గది ఖాళీ చేయించి, "నువ్విక్కడుంటే నాకూ మీ వదినకూ తోడు" అని తీసుకొచ్చాడు. అద్దె మాటెత్తినందుకు కొన్నాళ్ళు ముభావంగా ఉన్నాడు కూడా. అంత చేసిన మనిషికి ఏదైనా వద్దని చెప్పాలంటే ఆమెకు నోరు వచ్చేది కాదు.

అన్నయ్య ఉద్యోగమంతా ఊరికి నీళ్ళు పంపే కేంద్రంలో, గోడంత ప్యానెల్ ముందు గడిచింది. ఆకుపచ్చ దీపం వెలిగితే పంపు నడుస్తున్నట్టు. ఎర్రదీపం వెలిగితే లేచి పరిగెత్తాలి. రిటైరయ్యాక ఆయనకు పొద్దు గడవలేదు. కుర్చీ కిటికీ దగ్గరికి జరిపేవాడు, మళ్ళీ తలుపు దగ్గరికి జరిపేవాడు. అలాంటి రోజుల్లో ఒకడు ఫోన్ చేసి, "మీ కంప్యూటర్లో వైరస్ పడిందండీ, నేను చెప్పినట్టు నొక్కుతూ పొండి" అన్నాడు. ఆయన నొక్కుతూ పోయాడు. కూతురి చిన్ననాటి ఫోటోలతో సహా అందులో ఉన్నదంతా ఊడ్చిపెట్టుకుపోయింది. చాలారోజులు ఎవరి ముఖమూ చూడలేకపోయాడు.

ఆ దెబ్బతో యాంటీవైరస్ కొన్నాడు. ఇంట్లో అయిదుగురి ఫోన్లకూ, కంప్యూటర్లకూ కలిపి ఒకే ఏడాది చందా. వైరస్‌కు కాపలా, పాస్‌వర్డులు దాచుకునే చోటు, చెడ్డ సైట్లకు అడ్డుకట్ట, పైగా ఎవరి ఫోన్ ఎక్కడుందో చూపించే మ్యాపు, అన్నీ అందులోనే. ఒక ఆదివారం భోజనాలయ్యాక అందరి ఫోన్లూ బల్లమీద పెట్టించి, కళ్ళజోడు సవరించుకుంటూ ఒక్కొక్కదానిలోనూ ఆ యాప్ ఎక్కించాడు. తనదీ భార్యదీ చెల్లెలిదీ, వేరే కాపురముంటున్న కూతురిదీ అల్లుడిదీ. ఇంటిపెద్దగా తన నంబరే ఇచ్చుకున్నాడు. ఎవరి ఫోన్లోంచి యాప్ తీసేయాలన్నా ఆ పెద్దకు మాత్రమే తెలిసిన పిన్ కావాలి.

"ఇక మీరెవరూ దేనికీ భయపడక్కర్లేదు," అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన ముఖంలో కళ చూసి పళ్ళక్కకు కూడా సంతోషమే వేసింది.

ఆయన ఫోన్లో అందరి పేర్లూ వరసగా కనిపించేవి. పేరు పక్కన ఆకుపచ్చ చుక్క. పేరు నొక్కితే మ్యాపు. పొద్దున్నే టీ గ్లాసుతో పాటు ఆ తెర ముందేసుకుని కూర్చునేవాడు. ల్యాబులో ఆమె పళ్ళు నిలబెడుతుంటే ఫోన్ మోగేది.

"ఏమ్మా, నీది ఎర్రగా చూపిస్తోంది. ఏం నొక్కావు?"

"ఏం నొక్కలేదన్నయ్యా."

"అప్‌డేట్ అడుగుతోందేమో చూడు. ఆలస్యం చెయ్యకు."

మైనం గట్టిపడేది. మళ్ళీ కరిగించి మొదలుపెట్టేది.

ఆమెకంటూ ఒక్క అలవాటుండేది. పని నుంచి వస్తూ ఒక స్టాపు ముందే బస్సు దిగి, ఓ టీ దుకాణం మేడమీద కిటికీ పక్కన కాసేపు కూర్చునేది. ఎవరితోనూ మాట్లాడేది కాదు. కింద రోడ్డు మీద పోయేవాళ్ళను చూసేది, అంతే. యాప్ వచ్చిన కొద్దిరోజులకే అన్నయ్య మెట్లెక్కి వచ్చి, ఎంతో ఆప్యాయంగా, "ఆ టీ కొట్లో ఏముందమ్మా? వదిన పెట్టే టీ బాగోదా?" అన్నాడు. కోప్పడినా బాగుండేది. మర్నాటి నుంచి ఆమె తిన్నగా ఇంటికే వచ్చేసింది. ఎవరూ ఆపలేదు, ఎవరూ కట్టేయలేదు. అయినా ఆ స్టాపు దాటుతుంటే ఆమె మెడ తిప్పి ఆ మేడ వంకే చూసేది.

అప్పటికైనా నోరు మెదిపేది కాదేమో గాని, సంగతి పని చెడేదాకా వచ్చింది. ఆమె ఫోన్ పాతది. యాప్ బరువుకు అది నత్తలా నడిచేది. పైగా ఒక డాక్టరు, పేషెంటు పళ్ళ రంగు మార్చమంటూ ఫోటోల లింకు పంపితే, యాప్ దాన్ని ప్రమాదకరమైన సైటని మూసేసింది. రంగు మారలేదు. పేషెంటు వయసు మళ్ళిన బస్సు డ్రైవరు. పళ్ళు పెట్టుకుని అద్దంలో చూసుకుని, "ఇవి ఇంకెవరివో. నా నోట్లో పెట్టారు" అని తీసిచ్చేశాడట. ల్యాబు నడిపే మేడం ఆ సెట్టును తెచ్చి ఆమె బల్లమీద పెట్టింది.

"ఆ ఫోనైనా మార్చు, ఆ కాపలావాణ్ణయినా పంపించెయ్. రెండూ పెట్టుకుని నా పని చెడగొట్టకు," అంది.

ఆమె తల దించుకుంది. ఇంటికొచ్చి తలుపేసుకుని యాప్ తీసేయబోయింది. పిన్ అడిగింది. ఏదో ఒకటి కొట్టి చూసింది. అంతలోనే మెట్ల మీద చెప్పుల చప్పుడు. అన్నయ్య రొప్పుతూ వచ్చాడు.

"నీ ఫోన్లోంచి తీసేస్తున్నారని నాకు హెచ్చరిక వచ్చింది. ఎవరైనా ఫోన్ చేశారా? తీసెయ్యమని చెప్పారా? నిజం చెప్పు. నాక్కూడా ఇలాగే చేశాడు వాడు."

నేనే తీయబోయానన్న మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చి వెనక్కి పోయింది. "చెయ్యి తగిలిందన్నయ్యా," అంది.

మర్నాడు ల్యాబు పక్క సందులో ఫోన్లు బాగుచేసే అమ్మాయి దగ్గరికి వెళ్ళింది. ఇన్ని ఫోన్లకు డబ్బు కట్టి ఇది పెట్టుకోవడం అవసరమా అని అడిగింది. ఆ అమ్మాయి చేతిలోని స్క్రూడ్రైవర్ ఆపలేదు.

"ఫోన్‌కి అక్కర్లేదనే నేనంటాను. అప్‌డేట్లు చేసుకుంటూ, దాని సొంత స్టోర్లోంచే యాప్‌లు తీసుకుంటూ, పరాయి లింకులు నొక్కకుండా ఉంటే చాలు. కంప్యూటర్‌కీ దాంతోపాటు వచ్చేదే చాలామందికి సరిపోతుంది. కొనకూడదని కాదు. ఇంట్లో ఏది కనపడితే అది నొక్కేవాళ్ళుంటే కాస్త అడ్డం పడుతుంది. నేను మా అమ్మ కంప్యూటర్లో పెట్టాను."

"ఫోన్లో ఎవడో చెప్పిన మాటలు నమ్మి మా అన్నయ్య మోసపోయాకే కొన్నాడు."

"ఫోన్లో మాటలు చెప్పి మోసం చేశారన్నారుగా. మనమే తలుపు తీస్తే ఏ కాపలా ఆపుతుందక్కా?" అని నవ్వింది. "ఫోన్‌ని మొత్తం చెరిపేస్తే యాప్ పోతుంది. కానీ ఆయనకి తెలిసిపోతుంది. అడిగేస్తే సరిపోతుందిగా."

అడగడమొక్కటే ఆమె వల్ల కాని పని. అందుకే మేనకోడలి ఇంటికి వెళ్ళింది, కూతురు చెబితే వింటాడు గదా అని. మేనకోడలు వంటగదిలో కొత్త ఫోన్లో ఎవరితోనో మాట్లాడుతోంది. అన్నయ్య యాప్ ఎక్కించిన పాత ఫోనూ, దాని పక్కన అల్లుడి పాత ఫోనూ ఫ్రిజ్ మీద ఛార్జింగులో ఉన్నాయి.

ఆమె చూపు ఎటు పోయిందో మేనకోడలు కనిపెట్టింది.

"నాన్న కోసం అత్తా. అక్కడుంటే ఆకుపచ్చగా ఉంటాయి."

"ఎన్నాళ్ళ నుంచి?"

"మొదట్నుంచే. అస్తమానం ఇల్లే కనిపిస్తోందేంటని నాన్నకి అనుమానం వస్తుందని, ఈయన అప్పుడప్పుడూ రెంటినీ జేబులో వేసుకుని మార్కెట్‌కి తీసుకెళ్ళి తెస్తుంటారు." చెబుతూ చెబుతూ నవ్వాపుకోలేకపోయింది. "నువ్వూ అలాగే చెయ్యి. కానీ ఆయనకి చెప్పకు. ఏమీ తోచక అల్లాడిపోతారు."

పళ్ళక్కకు కూడా నవ్వొచ్చింది గాని సగంలోనే ఆగిపోయింది. ఇన్నాళ్ళూ ఆ తెర మీద నిజంగా ఉన్నది తానూ వదినా మాత్రమేనన్నమాట. వదిన ఎలాగూ గడప దాటదు. అందరికీ కలిపి పన్నిన వలలో చిక్కింది తానొక్కతే.

కొత్త ఫోన్ కొని పాతది గదిలో పడేద్దామా అని ఇంటికొచ్చేదాకా ఆలోచించింది. చేయలేకపోయింది. మంచితనమో పిరికితనమో ఆమెకే తెలియలేదు. మెట్లెక్కకుండా కిందింట్లోకే వెళ్ళి, అన్నయ్య ఎదురుగా కూర్చుని, బస్సు డ్రైవరు సంగతి మొత్తం చెప్పింది. చివర్న, "నా ఫోన్లోంచి తీసెయ్యన్నయ్యా," అంది.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"అంత ఇబ్బందయితే మొదటే చెప్పొచ్చుగా."

"చెప్పలేకపోయాను."

"నీకేమన్నా అయితే నాకెలా తెలుస్తుంది మరి?"

"నేనే ఫోన్ చేస్తాను. చేరగానే, బయల్దేరగానే."

ఆ మాట అనాలని ఆమె అనుకోలేదు. అనేసింది. వదిన గుమ్మం దగ్గర నిలబడి తల పట్టుకుంది.

ఆయన పిన్ కొట్టాడు. తెర మీద ఆమె పేరు మాయమైంది. మర్నాడు ల్యాబులో ఫోటోలు తెరుచుకున్నాయి. డ్రైవరు పళ్ళను మళ్ళీ చేసి, ఫోటోల్లో ఉన్నట్టే కాస్త పసుపు కలిసిన రంగులో, ముందుపన్ను ఒకటి కొంచెం వంకరగా నిలబెట్టింది. ఈసారి ఆయన మాట్లాడకుండా పెట్టుకుని వెళ్ళాడని డాక్టరు కబురు చేశాడు.

చేరగానే ఫోన్, బయల్దేరగానే ఫోన్. ఇదివరకు ఆ పని యాప్ చేసేది, ఇప్పుడు తన నోటితో తనే చేయాల్సి వచ్చింది. మరిచిపోతే అన్నయ్య ల్యాబు నంబరుకు చేసేవాడు.

చందా గడువు దగ్గరపడితే ఆయన మళ్ళీ కట్టేశాడు. తక్కువలో వస్తోందని ఏకంగా మూడేళ్ళకు. ఆ సాయంత్రం ఆమెను కూర్చోబెట్టి తెర చూపించాడు.

"పిల్లల్ని చూడు. వేరే ఉంటున్నా ఒక్కరోజు విసుక్కోలేదు. నీకే కష్టమైపోయింది." నిష్ఠూరంగా కాదు, ముచ్చటపడుతూ అన్నాడు. ఆమె ఆకుపచ్చ చుక్కల వంక చూస్తూ, "అవునన్నయ్యా," అంది. నిజం చెబితే ఈయన మళ్ళీ కుర్చీ జరుపుకుంటూ కూర్చుంటాడు. చెప్పకపోతే ఫ్రిజ్ మీది ఫోన్లకు మూడేళ్ళు కాపలా కాస్తాడు.

"నీ చోటు ఖాళీగా ఉందమ్మా. డబ్బు కట్టింది ఊరికే పోతోంది. వియ్యపురాలికి ఇస్తానన్నాను. ఆవిడ ఎంత సంతోషించిందో," అన్నాడాయన.

వియ్యపురాలంటే అల్లుడి తల్లి. ఆవిడ ఉండేది కొడుకూ కోడలితోనే. కాలు నిలవని మనిషి, రోజూ ఎక్కడికో ఒకచోటికి కోడల్ని వెంటేసుకుని బయల్దేరుతుంది.

నాలుగురోజులు తిరక్కుండానే మేనకోడలు ఫోన్ చేసింది.

"ఏం చేశావత్తా? నిన్న ఆవిడతో గుడ్డల దుకాణానికి వెళ్ళాను. వెంటనే నాన్న ఫోను. ఆవిడొక్కర్తినే పంపించావేంటి, నువ్వు ఇంట్లో ఉన్నావు, అని."

"ఏం చెప్పావు?"

"తలనొప్పన్నాను. ఆవిడ పక్కనే ఉంది, అంతా వింది. ఇక లాభంలేదు. ఆ ఫోన్ కూడా సంచిలో వేసుకునే తిరుగుతున్నాను. ఈయనా అంతే, ఆఫీసుకి తన రెండు ఫోన్లూ మోసుకెళ్తున్నారు."

పళ్ళక్క ఫోన్ భుజానికీ చెవికీ మధ్య నొక్కిపెట్టి ప్లాస్టర్ కలపసాగింది. మేనకోడలే, "సరే, ఎక్కడున్నావు?" అంది.

"ల్యాబులో. ఇప్పుడే వచ్చాను."

"నాన్నకి చెప్పావా?"

చెప్పలేదని అప్పుడు గుర్తొచ్చింది. ప్లాస్టర్ కలిపిన గిన్నె చేతిలోనే ఉంది, చూస్తుండగానే బిగుసుకుంటోంది. దాన్ని పక్కన పెట్టి, చెయ్యి తుడుచుకుని, అన్నయ్య నంబరు నొక్కింది.