బాత్రూం ఉన్న బండి

ఏడేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. చిన్నదే. ఫోన్లో చెప్పాను, అర నిమిషం కూడా పట్టలేదు. అయినా మా ఇబ్రహీంపట్నంలో ఎవరింట్లో టూరు మాట వచ్చినా, గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకుంటున్నాను. మీరు మా అక్కను ఎరగరు. అందుకే ముందు మీకు చెబుతున్నాను.

చెప్పేటప్పుడు నా మాటల్లో సంబరం కనిపిస్తే తిట్టుకోకండి. ఆ బండి గుర్తొస్తే చాలు, ఇప్పటికీ నాకు కాలు నిలవదు. తప్పంతా అక్కడే ఉందేమో.

అక్క నాకంటే పన్నెండేళ్లు పెద్ద. టమాటా తోట చూసుకుంటుంది. ఆమెకు షుగరు. గంటకోసారి బాత్రూంకు పోవాలి. అందుకని బస్సెక్కదు. మహేశ్వరంలో పెళ్లికి తప్పనిసరిగా పోవలసి వస్తే ముందురోజు సాయంత్రం నుంచే నీళ్లు మానేస్తుంది. ఆడవాళ్లంతా చేసే పనే కదా అని ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదు. నేనూ పట్టించుకోలేదు. కానీ నాకు తెలుసు. ఇది గుర్తుపెట్టుకోండి, నాకు తెలుసు.

ఆమెకు సముద్రం చూడాలని మహా కోరిక. టీవీలో అలలు కనిపిస్తే చేతిలో పని ఆపి నిలబడిపోయేది. ఆ ఎండాకాలం సెలవుల్లో అక్క కూతురు తన ఫోన్లో ఒక బండి చూపించింది. క్యారవాన్ అట, లోపలే పడకలు, పొయ్యి, బాత్రూం, అద్దెకిస్తారట. అక్క ఆ ఫోటోను ఎంతసేపు చూసిందో! "బాత్రూం బండిలనే ఉంటదా? అయితే నేను గూడ వస్త" అంది. అక్క వస్తానంది! ఇంటిల్లిపాదీ ఎగిరి గంతేశాం. బండి చూసి మాట్లాడి వచ్చే పని నాకు అప్పగించారు.

తుక్కుగూడ దగ్గర రింగురోడ్డు పక్కన రేకుల షెడ్డు. బండ్లు చూపించేవాడు నన్ను చూడగానే, బండి సంగతి తర్వాత, ముందు ఎవరెవరు వస్తున్నారో చెప్పమన్నాడు. పెద్దవాళ్లున్నారా, మెట్టు ఎక్కగలరా, మాటిమాటికీ బాత్రూంకు లేచేవాళ్లున్నారా? ఎంత సరైన ప్రశ్నలు! అన్నిటికీ జవాబు నా దగ్గర ఉంది. "మామూలు ఫ్యామిలీనే" అన్నాను.

మొదట పెద్దది చూపించాడు. బస్సంత బండి. లోపల నిలబడి తిరగొచ్చు. వెనక చిన్న తలుపు, తలుపు వెనక బాత్రూం. కుళాయి తిప్పితే నీళ్లు కూడా వచ్చాయి. అక్కకు కావలసిందంతా ఆ తలుపు వెనక ఉంది. ఖాళీగా ఉంది, మేము అడిగిన రోజులకే ఉంది. ఒక్కటే షరతు, నడిపేది వాళ్ల డ్రైవరే. మనం వెనక చుట్టాల్లా కూర్చోవాలి.

తర్వాత చిన్నది చూశాను. ఏం బండి అది! ఒక గొళ్లెం తీసి తోస్తే పైకప్పు లేచి గుడ్డ గది అయింది. వెనక తలుపెత్తి లాగితే సొరుగులోంచి పొయ్యి వచ్చింది. నిచ్చెనెక్కి పైన పడుకుని చూశాను. అన్నిటికీ మించి, స్టీరింగు నా చేతికి ఇస్తారు. సముద్రం దాకా నేనే! బాత్రూం మాత్రం లేదు. తా వలచింది రంభ అంటారు కదా, ఆ పైకప్పు కింద నా బుద్ధి అలా ఆగిపోయింది. నిచ్చెన దిగకముందే అక్క ఫోన్ చేసింది.

"దొరికిందా తమ్మీ? బాత్రూం ఉన్నదేనా?"

"లేదక్కా. గా పెద్దది ఎవలో ముందే బుక్ చేసుకున్నరంట. చిన్నదొకటుంది, మస్తుంది."

"మరి బాత్రూం?"

"దారిపొంటి పెట్రోల్ బంకులున్నయి కదా. నువ్వు అనుడే ఆలస్యం, ఆపుత. ఫికర్ చెయ్యకు."



"సరే తియ్. నువ్వు చూసినవంటె మంచిదే ఉంటది."

సాగర్ రోడ్డెక్కాం. చెప్పొద్దూ, నా జీవితంలో అంత హుషారైన పొద్దు ఇంకోటి లేదు. పిల్లలు పాటలు, నేను హారన్లు. ఒక బంకు దగ్గర ఆపితే అక్క దిగి వెళ్లి వెంటనే వచ్చేసింది. "అయింది, పోనీ" అంది. అక్కడ తలుపుకు తాళం ఉందని తర్వాత తెలిసింది. ఆ తర్వాత ఆమె ఆపమనలేదు. ఒకసారి అద్దంలో చూశాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తోంది. పక్కన నీళ్ల సీసా మూత కూడా తీయలేదు. అది చూశానా? చూశాను. మరి ఎందుకు అడగలేదు? అడిగితే ఆపాలి. ఆపడానికి మనసొప్పలేదు, బండి అంత బాగా పోతోంది.

సాగర్ దాటాక, మిట్టమధ్యాహ్నం, అక్క నా భార్య ఒళ్లోకి ఒరిగిపోయింది. దారిలో దొరికిన దవాఖానలో రెండు రోజులు సెలైన్ ఎక్కించారు. షుగరున్న మనిషి ముందురోజు నుంచి చుక్క నీళ్లు తాగలేదని డాక్టరు కేకలేశాడు. అటునుంచి అటే ఇంటికి తిరిగొచ్చాం. సముద్రం లేదు. మంచం మీద అక్క పిల్లల చేతులు పట్టుకుని, "నా వల్లనే మీ సంబురమంత ఖరాబైంది బిడ్డా" అని ఏడ్చింది. నేను గుమ్మంలో నిలబడి విన్నాను. బండిని అంత వేగంగా దవాఖానకు చేర్చానని అందరూ నన్నే మెచ్చుకున్నారు. మెచ్చుకోనిచ్చాను.

అప్పటినుంచి ఎవరు ఎక్కడికి పిలిచినా అక్కది ఒకటే జవాబు, నేనొస్తే మీకు ఖరాబైతది.

ఈ వారం మేనకోడలు మళ్లీ సముద్రం అంది. మళ్లీ నన్నే పంపారు. అదే షెడ్డు. నిజం చెప్పాలి కదా, నా కళ్లు ముందు చిన్న బండి వైపే పోయాయి. చెయ్యి కూడా గొళ్లెం మీదికి పోయింది. ఏం మనిషిని నేను! పెద్దదే బుక్ చేశాను. కుళాయి రెండుసార్లు తిప్పి చూశాను. ఇంటికొచ్చి చెబితే అక్క మళ్లీ అదే మాట అంది.

తప్పు తనది కాదని తెలిస్తేనే ఆమె బండెక్కుతుంది. ఆ సంగతి తెలిసినవాణ్ని నేనొక్కణ్నే. ఇన్నాళ్లు ఎందుకు చెప్పలేదు? తిడుతుందని కాదు. తిడితే బాగుండు. నువ్వు చూసినవంటె మంచిదే ఉంటది అనే మాట ఆ నోట ఇంకెప్పుడూ రాదని.

ఎల్లుండి బయల్దేరాలి. అక్క ఇప్పుడు తోటలో ఉంది. నేను వెళ్తున్నాను. ఏమంటుందో తెలియదు, చెప్పాక కూడా రాకపోవచ్చు. మీకు చెప్పడం తేలికే అయింది, అక్కకు చెప్పడమే మిగిలింది. చెప్పాల్సింది ఒక్క వాక్యమే. నోరు తిరగాలని దారంతా అనుకుంటూ పోతాను.

"అక్కా, ఆ రోజు పెద్ద బండి ఖాళీగనే ఉండె."