పంటు మీద ట్రాక్టరు

నేను తొమ్మిదో తరగతి మధ్యలో బడి మానేసిన రోజు మా సైన్సు టీచరుగారు క్లాసంతటికీ చాక్లెట్లు పంచారని ఉయ్యూరులో ఇప్పటికీ చెప్పుకుంటారు. చెప్పేది ఎక్కువగా నేనే. అలాంటివాణ్ణి, షాపులో ఏ ఇన్వర్టరైనా చార్జింగు అయిపోతూ కుయ్ కుయ్‌మంటే ఒక ఫిజిక్సు మాస్టారిని తలుచుకుంటాను.

దానియేలు మాస్టారు మా బ్యాటరీ షాపు పైవాటాలో అద్దెకుండేవారు. బెజవాడ కాలేజీ వాళ్లు ఇక చాలన్నాక, ఇంట్లోనే కంప్యూటరు ముందు కూర్చుని ఏఐకి ఫిజిక్సు నేర్పే పని పట్టుకున్నారు. ఈయన లెక్క ఇస్తారు, అది జవాబు చెబుతుంది, తప్పయితే ఎక్కడ తప్పిందో ఈయన రాసి పంపుతారు. ఆ కంపెనీ ఏ దేశంలో ఉందో ఆయనకూ సరిగ్గా తెలియదు. "నన్నింకా ఫిజిక్సు అడుగుతున్నది వాళ్లొక్కరేనయ్యా" అనేవారు.

ఏ లెక్కయినా పంపేముందు కిందికొచ్చి నాకు చెప్పడం ఆయన అలవాటు. నాకు అర్థమయ్యేలా చెప్పలేకపోతే అందులో ఎక్కడో తేడా ఉన్నట్టేనట. ఆయన ముగించేలోపే నేను ఏదో ఒక జవాబు పడేసేవాణ్ణి.

"తెలియదనే మాట నీ నోట రాదేం సీనూ?"

"అలా అంటే షాపు మూసుకోవాలండీ."

"ఆ ఏఐ కూడా ఇంతే. మీరిద్దరూ ఒకే బడి మానేసినట్టున్నారు."

ఒక సాయంత్రం కరెంటు పోయింది. నేను బిగించిన ఇన్వర్టరే పైన కూతపెట్టింది. అది ఆగిపోయేలోపు పంపాలన్న కంగారులో మాస్టారు ఒక లెక్క నాకు చెప్పకుండానే పంపేశారు. బళ్లను ఏరు దాటించే పంటు నీళ్లలో నిలిచి ఉండగా, దాని మీద చెరకు ట్రాక్టరు ఈ చివర నుంచి ఆ చివరకు వెళితే, పంటు ఎంత వెనక్కి జరుగుతుంది? ఏఐ చెప్పింది తప్పని రాసి, తన జవాబు పెట్టారు. కంపెనీలో సరిచూసేవాళ్లూ సరేనన్నారు.

మర్నాడు టీ తాగుతూ అదే నాకు చెప్పబోయారు. పేపరు పంటు, గ్లాసు ట్రాక్టరు. గ్లాసును ముందుకు జరుపుతూ పేపరును వెనక్కి లాగుతున్న చెయ్యి సగంలో ఆగిపోయింది.

"పంటు వెనక్కి పోతుంటే, గట్టు మీద నుంచి చూసేవాడికి ట్రాక్టరు పంటు పొడవంత దూరం రాదు. వస్తుందనుకుని లెక్క కట్టాను సీనూ. అది చెప్పిందే కరెక్టు."

"ఎవరూ పట్టుకోలేదు కదండీ, వదిలేయండి. ఒప్పుకుంటే పని పోతుందేమో."

"పోతే పోవచ్చు. క్లాసులో తప్పు చెబితే మర్నాడు అదే పిల్లల ముందు దిద్దుకునేవాణ్ణి. ఇది రేపు ఎవరి పిల్లలకు చెబుతుందో నాకేం తెలుసు?"

తప్పు తనదేనని రాసి పంపారు. కంపెనీ వాళ్లు థాంక్స్ చెప్పారు. తర్వాత లెక్కలు రావడం ఆగిపోయింది. అందుకేనా, పనే అయిపోయిందా, ఎవరూ చెప్పలేదు. కొన్నాళ్లు పొద్దున్నే కిందికొచ్చి, నాకు చెప్పడానికేమీ లేక, పేపరు చదువుకుని పైకి వెళ్లేవారు. ఆనక మంగళగిరి మారిపోయారు.

చూడగానే బ్యాటరీకి రోగం చెప్పడం నేను మానేశాను. "తెలియదండీ, విప్పి చూడాలి" అంటున్నాను. షాపేమీ మూతపడలేదు. మొన్న ఫోన్లో మాస్టారికి ఆ సంగతే గొప్పగా చెప్పాను. "తెలియదని ఎలా చెప్పాలో ఈ ఉయ్యూరులో ఎవరైనా నన్నడగాల్సిందేనండీ!"

అటు నుంచి ముందు నవ్వు వినిపించింది.

"అది కూడా అంతా తెలిసినట్టే చెబుతున్నావు కదయ్యా."