నువ్వుల ముద్దలు, మా ఇంటి మట్టిగోడ

నాట్లు వేసి మధ్యాహ్నం ఇంటికి వచ్చి, ఎల్లారెడ్డిలోని మా వంటింటి గోడకు ఆనుకుని కూర్చున్నాను. ఎప్పుడు కునుకు పట్టిందో తెలియదు. లేచేసరికి పళ్ల మధ్య ఇసుక గరగరమంది. కుడిచేతి గోళ్ల నిండా ఎర్రమట్టి. నా భుజం పక్కన గోడలో వేలు దూరేంత గుంట ఉంది. పొద్దున అది లేదు.

చేతులు కడుక్కున్నాను, ఎవరికీ చెప్పలేదు. వారం తిరిగేసరికి గుంటలు ఏడయ్యాయి. అప్పటికే నా పెదవులు తెల్లబడ్డాయి. బిందెడు నీళ్లు మోస్తే గుండె దడదడలాడేది. వానకు గోడ తడిస్తే ఆ వాసనకు నోరూరేది.

మా అత్తమ్మ గుంటలు చూసి గుమ్మానికి నిమ్మకాయలు కట్టింది. "నీకు గాలి సోకింది. ఇంట్ల ఏందో తిరుగుతున్నది" అంది. నాకూ అదే నిజమనిపించింది. నా చేతితో ఇంకెవరో తవ్వుతున్నట్టుండేది.

ఒకరోజు మా ఆయన పొలం నుంచి తొందరగా వచ్చాడు. నేను గోడ దగ్గర నిలబడి నములుతున్నానట. పిలిస్తే తిరిగాను గానీ, ఆయన్ని గుర్తుపట్టలేదట. మర్నాడే బండి కట్టి కామారెడ్డి దవాఖానకు తీసుకెళ్లాడు.

డాక్టరు నా కంటి రెప్ప కిందికి లాగి చూశారు. మలం మైక్రోస్కోప్ కింద పెట్టి పరీక్షించారు. "అనీమియా అమ్మా. కడుపుల హుక్‌వర్మ్ అనె పురుగులున్నయి, రక్తం తాగుతున్నయి. చెప్పులు లేకుండ తిరిగితె కాళ్లకెళ్లి లోపలికి పోతయి. రక్తం తక్కువైతెనే గిట్ల మన్ను తినబుద్ధయితది" అన్నారు.

కడుపులో పురుగులు పడిపోయే మందు తాగిన రోజంతా తల తిరిగింది. తర్వాత ఐరన్ మిక్చర్ ఇచ్చారు. దానికి పళ్లు నల్లబడ్డాయి. పాలు ఒక్క గుక్క, నెయ్యి ఒక్క చుక్క కూడా కడుపులో నిలవలేదు. పొయ్యి మీద ఏది వేగినా ఆ వాసనకే వాంతి. డాక్టరుకు చెబితే, "పాలు విడిచిపెట్టు. నువ్వులు, బెల్లం తిను. మందు మాత్రం మానద్దు" అన్నారు.

అలా పొయ్యి ముట్టించకుండా ముద్దలు చేయడం మొదలుపెట్టాను. నువ్వులు కడిగి, బండ మీద రెండు రోజులు ఎండబెట్టి, కరకరలాడాక రోట్లో దంచేదాన్ని. నూనె ఊరే వేళకు బెల్లం తురుము, గింజ తీసిన ఖర్జూరం వేసి మళ్లీ దంచితే, అరచేతిలో ముద్ద కట్టేది. మట్టి మీదికి మనసు పోయినప్పుడల్లా ఒకటి బుగ్గన పెట్టుకునేదాన్ని.

రెండు నెలలకు పాలిపోయిన గోళ్లకు రక్తం రంగు తిరిగొచ్చింది. మా ఆయన గోడ మెత్తి సున్నం వేశాడు.

నాలుగు రోజులకు ఆ తెల్లటి గోడలో కొత్త గుంట.

నా నోట్లో ఇసుక లేదు. గోళ్లు శుభ్రంగా ఉన్నాయి. అయినా నా చేతిని నేను నమ్మలేకపోయాను. మధ్యాహ్నం పడుకునే ముందు రెండు చేతులకూ గుడ్డ చుట్టించుకుని, మా ఆయనతో ముడి వేయించుకున్నాను. లేచేసరికి ముడులు అలాగే ఉన్నాయి. గుంట మాత్రం పెద్దదయింది.

మర్నాడు కళ్లు మూసుకుని నిద్ర నటించాను. అడుగుల చప్పుడు వినిపించింది. తర్వాత గోడ గీరుతున్న చప్పుడు. కళ్లు తెరిస్తే అత్తమ్మ. గోడకు చెంప ఆనించి నెమ్మదిగా నములుతోంది. పెదవుల మీద సున్నం. కళ్లు నావైపే ఉన్నాయి, కానీ నన్ను చూడటం లేదు.

"అత్తమ్మా!" అన్నాను. చెయ్యి పట్టుకుంటే తడిగుడ్డలా చల్లగా తగిలింది.

కాసేపటికి తేరుకుంది. తన గోళ్లు చూసుకుని ఏడ్చింది. "ఎప్పటిసంది తింటున్ననో నాకే ఎర్కలేదు బిడ్డా. అంత నీ మీదనే పెట్టిన."

"నేను గూడ నేను గాదనే అనుకున్న. రేపు దవాఖానకు పోదాం" అన్నాను. రోట్లోంచి ఒక ముద్ద తీసి ఆమె నోటికి అందించాను.

ఆమెకూ అదే జబ్బని తేలింది. అదే మందు, అదే మిక్చర్. ఇది జరిగి ఆరేళ్లయింది. యుద్ధం వచ్చి ఓడలు ఆగాక ఖర్జూరం దొరకడం లేదు, ఒట్టి నువ్వులూ బెల్లమే దంచుకుంటున్నాం. ఇద్దరం చెప్పులు తొడుక్కునే పొలం గట్టెక్కుతున్నాం.

ఈ జబ్బు పడినవాళ్లకు నాదొక్కటే మాట. ముద్దలు బలమిస్తాయి గానీ పురుగులను చంపవు. ఇంట్లో ఒకరికి హుక్‌వర్మ్ ఉందని తేలితే అందరికీ పరీక్ష చేయించండి. నాకేం లేదనేవాళ్లను ముందు తీసుకెళ్లండి.