నీళ్లు పోయని కుండీలు

ఎక్స్‌రే ఫిల్ము మీద గీత పడలేదు. చీకటి గదిలో ఎర్ర బల్బు కింద ఈశ్వరి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

2004 ఎండాకాలం. అనంతపురంలోని ప్రొటీన్ల ల్యాబులో ఆమె పరిశోధన వేరుశనగ దాహం మీద. నీళ్లందని మొక్క కణాల్లో ఒక ప్రొటీనుకు ఫాస్ఫేటు వచ్చి అతుక్కుంటుంది. కరువు కబురు కణం లోపలికి చేరేది అలాగే. నీళ్లు తగలగానే అది ఊడిపోతుంది. అతుక్కుని ఉంటే ఫిల్ము మీద నల్లగీత పడుతుంది. నిరుడు పడింది. సెమినారులో అందరూ మెచ్చుకున్నారు. ఈసారి లేదు. నిరుటిది దొంగ గీత అని గైడు హనుమంతరాయుడు సారు అంటే, ఇక పీహెచ్‌డీ లేనట్టే.

మొక్కలు పెంచే షెడ్డుకు పరుగెత్తింది. నీళ్లు ఆపి ఎండబెట్టిన కుండీల్లో పైమట్టి పొడిగానే ఉంది. వేలు లోపలికి గుచ్చితే తడి తగిలింది.

షెడ్డు ఊడ్చే అక్కమ్మ చీపురు పట్టుకుని వచ్చింది.

“పెద్దమ్మా, వీటికి నీళ్లు పోసినావా?”

“పోయకుంటే? ఆకులు ముడుసుకోని సస్తాండాయి పాపా. మా సేన్లో పోద్దామంటే బోరు ఎండిపాయ. ఈడ కొళాయి ఉండాది గదా.”

“ఎండాలనే గదా పెట్టినాము!”

“బాగుండాదమ్మా మీ సదువు! మొక్కల్ని సంపేకి జీతాలా?” అక్కమ్మ నవ్వబోయి, ఈశ్వరి మొహం చూసి ఆగిపోయింది. “సారుకు సెప్తావా? నన్ను తీసేస్తాడా?”

ఈశ్వరి ఫిల్ము తీసుకుని సారు గదికి నడిచింది.

కుండీలకు నీళ్లు పడ్డాయని ఆమె చెబితే, సారు ఫిల్మును కిటికీ వెలుగుకు పట్టి చూశారు. “నీళ్లు ఎవరు పోసినారు?”

పేరు చెబితే అక్కమ్మ పని పోతుంది. చెప్పకపోతే కట్టుకథ అనుకుంటారు. “షెడ్డులో పోసినారు సార్. కాపలా నేనే పెట్టుకోవాల్సింది.”

ఆయన ఫిల్మును బల్ల మీద పెట్టారు. “మిగిలిన కుండీలు ఎండబెట్టు. ఆకులు నేనే కోస్తా. కడదాకా పక్కనే ఉంటా.”

అంటే, తన మాట నమ్మలేదన్నమాట.

అక్కమ్మ ఆ షెడ్డు ముందు నుంచి నడవడం మానేసింది. “సూస్తే సెయ్యి ఆగదు పాపా,” అని వెనక దారిన పోయేది. ఆకులు మళ్లీ ముడుచుకున్నాక సారు వాటిని కోసి, కోసినవి కోసినట్టే గడ్డకట్టేలా ద్రవ నైట్రోజన్లో వేశారు.

చీకటి గదిలో ఈశ్వరి కొత్త ఫిల్మును ద్రావణంలో ముంచింది. భుజం పక్కన సారు ఊపిరి వినిపిస్తోంది. ఫిల్ము తెల్లగానే ఉంది. తర్వాత ఒకచోట మసకగా ఏదో లేచింది. అది గీతై నల్లబడింది.

సారు వంగి చూశారు.

“ఇంకొకసారి చెయ్యి,” అన్నారు. ఆ గొంతులో ఉన్నది నమ్మకమో, ఇంకా అనుమానమో ఆమెకు అంతుపట్టలేదు.