చప్పుడు చేస్తే చచ్చే ఆట

1987లో జనగామ స్టేషన్ రోడ్డు మీద నాకు రేడియోలు, టీవీలు బాగుచేసే దుకాణం ఉండేది. ఆ ఎండాకాలంలో ముందరి అర్ర, అంటే గది, ఖాళీ చేసి రెండు వీడియో గేమ్ మిషన్లు పెట్టాను. ఊళ్లో వాటిని ‘ఆట డబ్బ’ అనేవారు. నిలువెత్తు చెక్క బీరువాలో ఒక పిక్చర్ ట్యూబ్, దాని కింద సర్క్యూట్ బోర్డు, ముందు జాయ్‌స్టిక్ అనే చిన్న కర్ర, ఒక బటన్. అంతే దాని సంసారం. పొద్దున షట్టర్ ఎత్తగానే రెండింటికీ కుంకుమ బొట్టు పెట్టి ఊదుబత్తి వెలిగించేవాణ్ణి. అది చూసి లోపలికి వచ్చేవాళ్లు చెప్పులు బయట విడిచేవారు. నేను ఎవరికీ చెప్పలేదు, వాళ్లకే అలవాటైపోయింది.

ఒకటి విమానాలను కాల్చే ఆట. దానికి ఎప్పుడూ గిరాకీయే. రెండోది సికింద్రాబాద్‌లో పాత సామాన్లు అమ్మే ఆయన నాకు అంటగట్టింది. ఆకాశంలో ఎక్కడో ఆగిపోయిన ఓడ. లోపల దీపాల్లేవు. ఒకే ఒక్క మనిషి మిగిలాడు. వాడితో పాటు ఏదో జీవి కూడా ఆ ఓడలో తిరుగుతుంటుంది. దానికి కళ్లు లేవు, చెవులే ఉన్నాయి. తెర మీద ఎర్ర చుక్కలా కనిపిస్తుంది, దగ్గరికొచ్చే కొద్దీ స్పీకర్‌లోంచి గుర్రుమంటుంది. మన మనిషి అడుగేస్తే టక్కుమంటుంది, ఆ చప్పుడు విని అది ఇటు తిరుగుతుంది. బటన్ నొక్కితే తుపాకి పేలదు, మనిషి పక్కనున్న అల్మారాలో దూరతాడు. కర్ర వదిలేస్తే ఉన్నచోటే ఊపిరి బిగబట్టి నిలబడతాడు. అలా ఒక్కో అర్ర దాటుకుంటూ చివరి తలుపు చేరాలి.

ఇంకో సంగతి. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ఈ డబ్బ తనంతట తానే ఒకసారి గట్టిగా గుర్రుమనేది. వీధిలో సగం మందికి కరెంటు వచ్చిన సంగతి దాంతోనే తెలిసేది.

మావాళ్లకు ఈ ఆట ఒక పట్టాన ఎక్కలేదు. ఎదురుగా చాయ్ హోటల్ నడిపే వీరస్వామి మొదటి రోజే బటన్ టకటకా నొక్కి, మూడు అడుగుల్లో చచ్చాడు.

“గన్ను ఏడుందన్నా?”

“గన్ను లేదు. దాసుకునుడే.”

“దాసుకునేటందుకు నీకు పైసలియ్యాల్నా? ఇంట్ల మా ఆడామెకు ముఫ్తుల దాసుకుంటనే ఉన్న గదా!”

అన్నాడే గానీ మర్నాటి నుంచి చాయ్ గరిటెతో సహా వచ్చి నిలబడేవాడు. ఆడటానికి కాదు, ఆడేవాళ్లకు దారి చెప్పడానికి. మా ఊళ్లో ఆట అంటే ఒకడు ఆడేది, పదిమంది ఆడించేది. కర్ర ఒకడి చేతిలో ఉంటే వెనక నుంచి “ఎడమకు”, “ఉర్కు”, “దాసుకో” అని తలా ఒక కేక. చచ్చాక “నేను చెప్పలే?” అని అందరూ. నేనూ వాళ్లలో ఒకణ్ణే. దుకాణం నాది కాబట్టి నా గొంతు ఇంకాస్త పెద్దగా ఉండేది.

వానలు మొదలైన రోజుల్లో యాకయ్య రావడం మొదలుపెట్టాడు. కరెంటాఫీసులో లైన్‌మన్. సొంతూరు నర్మెట్ట, కాపురం జనగామలోనే. నా దుకాణానికి కరెంటు లాగింది ఆయనే. కరెంటు పోలు మీద ఉండి కూడా కింద పోయేవాళ్లను పేరుపేరునా పలకరించేవాడు. ఆ మనిషి ఇప్పుడు తల వంచుకుని వచ్చి, మాటా పలుకూ లేకుండా టోకెన్ తీసుకునేవాడు. టోకెన్ అంటే మిషన్‌లో వేసే ఇత్తడి బిళ్ల. ఎండాకాలంలో పోలు మీద షాక్ కొట్టి సెలవులో ఉన్నాడు, కుడి అరచేతిలో కాలిన మచ్చ ఇంకా ఎర్రగానే ఉంది. ఆడేది మాత్రం ఈ దాక్కునే ఆటే. మొదట్లో ఒద్దికగా రెండు అర్రలు దాటేవాడు. వెనక జనం పోగై కేకలు మొదలుకాగానే చెయ్యి వణికేది. కర్ర ఎటో పోయేది. ఎర్ర చుక్క మీద పడేది.

ఒకరోజు ఆయన భార్య సమ్మక్క వచ్చింది. గడప బయటే నిలబడింది.

“సత్తెన్నా, ఒక మాట అడుగుత, ఏమనుకోకు. మా ఆయన రోజూ గీడికే వస్తున్నడా?”

“వస్తున్నడు చెల్లె. ఎవ్వలతోని లొల్లి లేదు. ఆడి పోతడు.”

“ఇంట్ల బువ్వ తింటాంటె చేతుల గిలాస కూడ వణుకుతాంది. దవాఖానల చూపిస్తే చెయ్యి మంచిగనే ఉన్నదన్నరు. దసరా ఎల్లినంక డ్యూటీల చేరాలె. పోలెక్కకపోతే ఆఫీసుల ఫైళ్లు మోసే పనిల ఏస్తరంట. జీతం తగ్గదు గని మనిషి మిగలడన్నా. ఆయనకు పోలు తప్ప ఇంకో ముచ్చట లేదు.”

ఆమె ఏడవలేదు. అందుకే నాకు ఇంకా కష్టంగా అనిపించింది. “నువ్వు పరేషాన్ కాకు చెల్లె, నేను చూస్త” అన్నాను. ఏం చూస్తానో నాకే తెలియదు.

వారానికోసారి సంత జరిగే అంగడి రోజు మధ్యాహ్నం వీధి మొత్తం అంగట్లోనే ఉంది. దుకాణంలో యాకయ్య, నేను తప్ప ఎవరూ లేరు. ఆయన ఆడుతున్నాడు, నేను సోల్డరింగ్ ఐరన్‌తో ఒక రేడియోకు తీగలు అతుకుతున్నాను. చాలాసేపటికి ఏదో తేడాగా అనిపించి తలెత్తి చూశాను. ఆట ఇంకా నడుస్తూనే ఉంది. యాకయ్య చెయ్యి కర్ర మీద రాయిలా ఉంది. చుక్క దగ్గరికొచ్చి గుర్రుమంటే కర్ర వదిలి నిలబడుతున్నాడు, అది పోయాక కదులుతున్నాడు. అంతలో నేను, నా నోరు ఊరుకోదు కదా, “శెబాష్ యాకన్నా! ఉర్కు!” అని అరిచాను. చెయ్యి గజగజమంది. మనిషి చచ్చాడు.

అప్పుడు గానీ నా బుర్రకు తట్టలేదు. రిపేరు పనిలో మొదట నేర్చుకునేదే అది. బొమ్మ వణికితే ట్యూబ్ చెడిపోయిందనుకోకూడదు, పక్కనున్న ఏ వస్తువు వల్ల వణుకుతుందో చూడాలి. ఆయన వణుకు ఆ జీవికి భయపడి కాదు, మా కేకలకు.

“యాకన్నా, ఆనాడు పోలు మీద ఏమైందే?” అని అడిగాను.

తెర వైపే చూస్తూ చెప్పాడు. “నర్మెట్ట దిక్కు పొలాలకాడ. వరి ఎండుతున్నదని రైతులందరు పోలు కిందనే ఉన్నరు. స్విచ్ బంద్ చేసొస్తనని ఒకాయన పోయిండు. జరసేపటికి ఒకలు ‘బందైంది’ అన్నరు. ఇగ అందరు అదే మాట. ‘బందైంది, ఎక్కు యాకన్నా, ఎక్కు!’ నేను ఎక్కిన. పోయినాయన అప్పటికి స్విచ్ కాడికే చేరలేదంట. ఒక్కలు గూడ చూసి చెప్పలే. ఒకల మాట ఇని ఒకలు చెప్పిన్రు.”

“నీ మీద పావురంతోనే చెప్పిన్రు గదనే” అన్నాను. పావురమంటే మా దిక్కు ప్రేమ.

“పావురమే. కాదన్ననా? కని ఎవలన్న గట్టిగ ఒర్రితే చాలు, నాకు మళ్ల గదే ఇనబడ్తది.”

ఆ మాట నన్ను పట్టుకుంది. మర్నాడు వీరస్వామినీ, మామూలుగా వచ్చేవాళ్లనూ నిలబెట్టి సంగతంతా చెప్పాను. యాకయ్య ఆడేటప్పుడు నోరెత్తినవాడు మళ్లీ నా గడప తొక్కొద్దన్నాను. జనగామ వాళ్లను నోరు మూసుకోమనడం ఎంత పనో చేసినవాడికే తెలుస్తుంది. వీరస్వామి తన తువ్వాల తానే నోట్లో కుక్కుకున్నాడు. ఒకాయన పక్కవాడి భుజం గిల్లి గిల్లి పెట్టాడు. నేను పెదవులు కొరుక్కున్నాను.

మొదటి రెండు రోజులు ఆ నిశ్శబ్దానికే యాకయ్య వెనక్కి తిరిగి తిరిగి చూశాడు. తర్వాత చూడటం మానేశాడు. ఒక సాయంత్రం చివరి అర్ర దాకా వెళ్లాడు. తలుపు ఎదురుగానే ఉంది. ఎర్ర చుక్క జాడ లేదు. నేనైతే ఉరికేవాణ్ణి. ఆయన కర్ర వదిలేసి నిలబడ్డాడు. తలుపు పక్క నుంచే చుక్క బయటికొచ్చి, గుర్రుమంటూ ఆయన పక్కనుంచి పోయింది. అప్పుడు టక్, టక్, టక్ మని మూడు అడుగులు. తలుపు తెరుచుకుంది.

తువ్వాల ఊడబీకి వీరస్వామి వేసిన కేక స్టేషన్ దాకా వినబడి ఉంటుంది. యాకయ్య చెయ్యి ఈసారి వణకలేదు. నవ్వాడు.

దసరా వెళ్లాక ముసురు పట్టి, నా దుకాణం ముందున్న పోలు మీదే జంపర్ కాలిపోయింది. జంపర్ అంటే ఒక తీగ నుంచి ఇంకో తీగకు కరెంటు అందించే ముక్క. వీధంతా చీకటి. వాన తెరిపివ్వగానే యాకయ్య వచ్చాడు. వెనకాలే సమ్మక్క కూడా వచ్చి నా గడప దగ్గర నిలబడింది. అప్పటికే చాయ్ గిలాసలతో సహా వీధంతా పోలు కింద పోగైంది.

ఎవరో “బంద్ చేసొస్త యాకన్నా” అని కదలబోయారు. యాకయ్య చెయ్యడ్డం పెట్టాడు. వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ దాకా తనే నడిచి వెళ్లి, స్విచ్ బంద్ చేసి, ఫీజు తీగ బిగించే పింగాణీ ముక్కలు మూడూ పీకి భుజాన ఉన్న సంచిలో వేసుకున్నాడు. అవి తన దగ్గర ఉన్నంతసేపు ఎవరి మాటతోనూ పని లేదు. తిరిగొచ్చి పోలును ఒకసారి అరచేత్తో తడిమి ఎక్కడం మొదలుపెట్టాడు.

వీరస్వామి నోరు తెరిచాడు. నా వైపు చూసి మూసుకున్నాడు. వీధిలో ఒక్కరూ మాట్లాడలేదు. సగం దూరంలో యాకయ్య ఆగాడు. సమ్మక్క నా షట్టర్ కమ్మీ గట్టిగా పట్టుకుంది. “ఏం కాదు, ఎక్కు” అనే మాట నాలుక మీదికొస్తే మింగేశాను. ఆయన ఊపిరి తీసుకుని మళ్లీ ఎక్కాడు. పైన బెల్టు బిగించుకుని, పాత జంపర్ తీసి కొత్తది బిగించి, తొందరేమీ లేకుండా దిగాడు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి పోయి ఫీజులు పెట్టాడు.

అక్కడి నుంచి కేకేశాడు. “సత్తెన్నా! వచ్చిందా?”

ఒక్కరూ పలకలేదు. అందరం అప్పటికీ నోళ్లు మూసుకునే ఉన్నాం. నా దుకాణంలోంచి ఆట డబ్బ గుర్రుమంది.

యాకయ్య పడీ పడీ నవ్వాడు. “ఇగనన్న మాట్లాడుండ్రి!” అన్నాడు. సమ్మక్క కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది.

తర్వాత ఎన్నో ఏళ్లు ఆ రిపేరు పని చేశాను. ఎన్ని డబ్బలు తెరిచానో, ఎన్ని అతుకులేశానో గుర్తులేదు. ఎదుటి మనిషి తన పని తాను చేసుకుంటున్నప్పుడు, మనసులో ఎంత పావురం ఉన్నా, నోరు మూసుకుని పక్కన నిలబడటమూ సాయమేనని నేర్చుకున్నది మాత్రం ఆ రోజే. నాలాంటి వాగుడుకాయకు అంతకన్నా కష్టమైన పని ఇంకోటి దొరకలేదు.